లేత రంగులు ఎవరు ఏరారు?

కిందటి వారం మాణిక్యాన్ని దుబాయ్ సత్వాలో, స్నేహితురాలు విజయదుర్గ మంచం మీద, ఫోను చేత్తో పట్టుకుని ఉండగా వదిలాం. ఆ ఫోనులో మాణిక్యం రేకుపెట్టె ఉంది. పెట్టెలో చీరలున్నాయి. పెట్టె ముందు వంగి చీర మడతపెడుతున్న ఆమె వీపు ఉంది. షార్జా అల్ నహ్దాలో ఆమె పనిచేసే ఇంటి కోడలు అక్షయ మాణిక్యానికి తెలియకుండా తీసిన వీడియో అది.

"మా మాణిక్యం ఆంటీని చూడండి" అంటోంది అందులో అక్షయ గొంతు. "ఫ్యాషన్లు ఎన్ని మారినా ఈవిడ మారలేదు. అన్నీ లేత రంగులే. ఏ చీర మీదకి ఏ జాకెట్టయినా కుదిరిపోతుంది. మనం నానా తంటాలు పడి నేర్చుకునేది ఈవిడకి పుట్టుకతోనే వచ్చింది."

లక్షల మంది చూశారట. చూసినవాళ్ళంతా దణ్ణాలు పెట్టారట.

విజయదుర్గ మొదట నవ్వింది. తరువాత మాణిక్యం మొహం చూసి ఆపేసింది. ఎందుకంటే ఆ గదిలో, విజయదుర్గ మంచం కిందనే, మాణిక్యానిది ఇంకో పెట్టె ఉంది. చిలకాకుపచ్చ, పసుపు, వంగపండు రంగు, నెమలికంఠం. ఎవరికీ చెప్పకుండా, ఒక్కొక్కటీ కొని, ఫాల్ కుట్టించి, సరిపడే జాకెట్లు కుట్టించి దాచుకున్న చీరలు. ఈ ఏడాది వచ్చి వచ్చే ఏడాది పోయే రకాలు కావవి. తాను బతికినన్నాళ్ళూ కట్టుకోవడానికి ఏరుకున్నవి. వచ్చే నెల ఊరెళ్ళేటప్పుడు వాటిలో ఒకటి కట్టుకునే విమానం దిగుతానని ఆమె విజయదుర్గతో అని ఉంది. భర్త పోయిన నాటి నుంచి రంగు చీర కట్టని మనిషి ఆ మాట అనడానికే ఏళ్ళు పట్టింది.

షార్జా తిరిగి వెళ్ళే బస్సు సత్వా దాటకముందే ఊరి నుంచి ఫోను వచ్చింది. మరిది అంజిబాబు.

"వదినా! ఊరూరంతా నిన్నే చూత్తన్నారు!" అని అరిచాడు. "దుబాయ్ ఎల్లినా మా అన్నియ్య పరువు నిలబెట్టావు. తెల్ల సీరల్లో దేవతలా ఉందిరా మీ వదిన అంటన్నారు. రామాలయం కమిటీవోళ్ళు నువ్వొచ్చాక సన్మానం చేత్తారంట. తెల్ల శాలువా కూడా చెప్పేశారు. నువ్వు మట్టుకు అలాగే రా, ఏం?"

"అలాగే అంటే?"

"అదే, ఆ సీరల్లోనే. అందరూ నిన్ను అలా సూద్దామనే గదా."

మాణిక్యం ఫోను పెట్టేసింది. పక్కన కూర్చున్న ఫిలిప్పీన్స్ అమ్మాయి ఆమె మొహం చూసి నీళ్ళ సీసా అందించబోయింది. అక్కర్లేదని తల ఊపింది. ఆమెకు దాహం వేయడం లేదు. ఆ వీడియో తీసేయించాలి. తాను ఊరెళ్ళేలోపు, ఆ శాలువా కొనకముందే తీసేయించాలి. అది ఉన్నంతకాలం ఆమె చిలకాకుపచ్చ కట్టుకుని దిగితే దేవత కాస్తా ఇంకేదో అవుతుంది. ఏమవుతుందో ఆమెకు బాగా తెలుసు.

అల్ నహ్దా ఇంటి తలుపు తీసేసరికి హాలు మారిపోయి ఉంది. సోఫాలు గోడకు జరిపేశారు. నడుమ ఒక కర్ర స్టాండు, దాని ఎదుట గొడుగులాంటి దీపం. స్టాండుకు వరసగా తన చీరలు వేలాడుతున్నాయి. బూడిద రంగు, మీగడ రంగు, వెలిసిన గోధుమ రంగు, సన్నంచు తెల్లనివి.

"వచ్చేశావా ఆంటీ! నీకోసమే చూస్తున్నా" అంటూ అక్షయ ఎదురొచ్చింది. హైదరాబాదులో పుట్టి పెరిగిన పిల్ల. "బట్టల కంపెనీవాళ్ళు కాసేపట్లో వచ్చేస్తారు. మొహం కడుక్కో. మేకప్ ఏం వద్దు, నువ్విలా ఉంటేనే బాగుంటావు."

"నా పెట్టె ఎవరు తీశారండి?"

"నేనే. తాళం లేదుగా."

"తాళం లేపోతే తీసేత్తారేటండి?"

అక్షయ నవ్వు సగంలో ఆగింది. "అయ్యో, కోపం వచ్చిందా? నీకు మంచి పేరు వస్తోంది ఆంటీ. నీ దగ్గరున్నదాన్ని క్యాప్సూల్ వార్డ్‌రోబ్ అంటారు తెలుసా?"

"క్యాప్సూల్ దేనికండి? ఎవరికేం జబ్బు చేసింది?"

"మందు కాదు ఆంటీ! కొన్నే బట్టలు, కానీ ఎప్పటికీ పాతబడనివి. కంపెనీవాళ్ళు నీ చీరల్ని చూసి డ్రెస్సులు చేస్తున్నారు. పేరు కూడా నీదే. 'మాణిక్యం కలెక్షన్.' బూడిద, గోధుమ, మీగడ... అన్నీ ఇవే రంగులు."

"మాణిక్యం ఏ రంగండి?"

"అంటే?"

"మాణిక్యం రంగేటని అడుగుతున్నానండి. ఉంగరంలో పెట్టుకునే మాణిక్యం."

అక్షయ ఆలోచించింది. "రెడ్... కదా?"

"ఎరుపండి. దానిమ్మ గింజంత ఎరుపు. మా అమ్మ నన్ను చూసి ఆ పేరు పెట్టింది. ఆ పేరు పట్టుకెళ్ళి బూడిదకి పెడతారా మీరు?"

అక్షయ మంచిపిల్లే. ఆ మాట చెప్పకపోతే అన్యాయమవుతుంది. కరోనా ఏడాది ఆమె ఉద్యోగం పోయింది. మరుసటేడు కాన్పు అయింది. ఒళ్ళు మారింది. ఆఫర్ పెట్టిన ప్రతిసారీ ఆన్‌లైన్లో తెప్పించిన బట్టలు ఇంటినిండా పేరుకుపోయాయి, వాటిలో ఒక్కటీ ఆమెకు పట్టలేదు. బీరువా తలుపు తీసి, దాని ముందు నేలమీద కూర్చుని ఏడ్చిన రోజుల్లో పక్కన కూర్చుని వీపు నిమిరింది మాణిక్యమే.

"నిన్ను ఎగతాళి చెయ్యలేదు ఆంటీ" అంది ఇప్పుడు, గొంతు తగ్గించి. "నా బీరువా తెరిస్తే నాకు ఊపిరాడేది కాదు. నీ పెట్టె చూస్తే ప్రశాంతంగా ఉండేది. ఈవిడకి తనకేం కావాలో తెలుసు, ఎవరో ఏదో వేసుకున్నారని మారదు అనుకునేదాన్ని. అంతకన్నా ఏమీ లేదు, ఒట్టు."

"నాకేం కావాలో నాకు తెలుసునండి. ఈ స్టాండు మీదున్నయ్యి మట్టుకు కాదు."

"మరి ఇవన్నీ నీకు ఇష్టమైనవే కదా..."

"ఇష్టమా?" మాణిక్యం స్టాండు దగ్గరకు నడిచి బూడిద రంగు చీర కొంగు పట్టుకుంది. "మొగుడు పోయిందాన్నండి నేను. పదకొండో రోజున మా వోళ్ళు తెచ్చి కట్టబెట్టిన రంగులివి. ఎంచుకుని కట్టుకున్నయ్యి కావు. ఇయ్యి తప్పితే కట్టకూడదన్నారు. పెళ్ళికెళ్తే వెనకాల నుంచోమన్నారు. మీకేమో ఫ్యాషనులా కనపడిందా?"

అక్షయకు ఇదేమీ నిజంగా తెలియదు. ఆమెకు తెలిసిన భర్త పోయిన మనిషి ఒక్కతే, తన అత్తగారు బాలత్రిపురసుందరి. ఆవిడ పట్టుచీర కట్టుకుని, బొట్టు పెట్టుకుని, చేతినిండా గాజులతో తిరుగుతుంది. ఇక తెలిసేదెలా?

అప్పుడే ఆవిడ గదిలోంచి వచ్చింది. ముదురు నీలం చీర, జరీ అంచు. ముక్కుకు రవ్వల బేసరి.

"ఏమిటే ఆ గొంతు? కింద వాచ్‌మన్ దాకా వినపడుతోంది."

"అత్తయ్యా, మాణిక్యం ఆంటీకి వీడియో నచ్చలేదట."

"నచ్చకపోవడమేం? రాణిలా చూపించావు. యల్లా, త్వరగా కానీ, ఆ చీరలు నలిగాయి, ఇస్త్రీ చేయించు."

"వీడియో తీసెయ్యమనండి అమ్మగారూ."

"తీసేస్తుంది లేవే, ఈ పని కానీ."

"ఇప్పుడే తియ్యమనండి."

అక్షయ మధ్యలో కలగజేసుకుంది. "తీసేస్తాను ఆంటీ, ప్రామిస్. కానీ ఇవాళ షూట్ అవ్వాలి. సంతకం పెట్టేశాను. ఉద్యోగం పోయాక నాకంటూ వచ్చిన మొదటి పని ఇది. ఈ ఒక్కరోజు."

"పుట్టిన రోజు నుంచి ఉన్న పేరండి నాది" అంది మాణిక్యం. "దానికి ఒక్కరోజు ఆగలేరా మీరు?"

"చాల్లే" అంది బాలత్రిపురసుందరి. "వాళ్ళేదో గొప్పగా చెబుతుంటే ఈ రాద్ధాంతమేమిటి? ఆ రంగులు నీకు నప్పుతాయి. నీ వయసుకీ నీ పరిస్థితికీ అవే హుందా. నేను చూసి చూసి తెచ్చినవే కదా ఇవి."

అక్షయ అత్తగారి వైపు తిరిగింది. "మీరు తెచ్చారా?"

"మరి? ప్రతి పండక్కీ దీనికి చీర పెడుతున్నదెవరు? మీనా బజార్ అంతా తిరిగి ఏరి తెస్తాను."

"చెప్పండి అమ్మగారూ" అంది మాణిక్యం. ఆమె గొంతు ఇప్పుడు పెద్దది కాదు, గట్టిది. "ఎలా ఏరేవారో అమ్మాయిగారికి చెప్పండి. పెద్దయ్యగారు పోయినప్పుడు ఈ ఇంట్లోనే ఉన్నానండి నేను."

బాలత్రిపురసుందరి భర్త వీరరాఘవరావు గారు కరోనాకు ఇక్కడే ఆసుపత్రిలో పోయారు. ఊరికి తీసుకెళ్ళడం కుదరలేదు. పదకొండో రోజున విజయవాడ నుంచి చుట్టాలు ఫోనులో కనపడుతూ ఏదో గొణిగారు. అప్పుడు కొడుకు శశాంక్ లేచి, "ఈ రోజుల్లో ఇవన్నీ ఎవరు పాటిస్తున్నారు? మా అమ్మ ఎలా ఉందో అలాగే ఉంటుంది" అని ఫోను కట్టేశాడు. బాలత్రిపురసుందరి గాజులు ఎవరూ ముట్టుకోలేదు.

"ఆవేళ వంటింటి గుమ్మంలో నుంచుని నేను సంతోషపడ్డానండి" అంది మాణిక్యం. "కాలం మారిందిరా దేవుడా అనుకున్నాను. మీ బొట్టు మీకుంచారు, ఆయ్, మంచిపని చేశారనుకున్నాను. ఆ ఏడే పండక్కి మీనా బజార్ వెళ్ళారు మీరు. మీకు కనకాంబరం రంగు పట్టుచీర తెచ్చుకున్నారు. నాకేం తెచ్చారు?"

బాలత్రిపురసుందరి చేతి గాజులు వెనక్కి తోసుకుంది.

"ఇదిగోనండి, ఇది తెచ్చారు." స్టాండు మీది బూడిద చీరను గుంజింది. చెక్క హ్యాంగరు కింద పడి టపటప కొట్టుకుంది. "మీ మొగుడూ పోయాడు, నా మొగుడూ పోయాడు. కాలం మారింది మీ ఒక్కరికేనా అమ్మగారూ? మా వంటింటి గుమ్మం దాకా రాలేదేం?"

"నోరు అదుపులో పెట్టుకో! నీకూ నాకూ పోలికేమిటి?"

"అదేనండి. అదే చెప్పండి. పోలిక లేదని చెప్పండి. నప్పుతాయని చెప్పకండి."

"మీ వాళ్ళలో ఎలా ఉంటుందో నాకు తెలియదనుకున్నావా? నీకు రంగు చీర పెట్టి, రేపు మీ అత్తింటివాళ్ళ చేత నేను మాట పడాలా? నీ మంచికేనే చేసింది. మీ మరిది సంతోషిస్తాడనే కదా ఆ వీడియో అతనికి నేను పంపించాను!"

మాణిక్యం ఆవిడ వైపు తిరిగింది.

"మీరు పంపారా?"

"నువ్వు ఫోను ఎత్తనప్పుడల్లా నాకే చేస్తాడుగా అతను. నంబరుంది, పంపాను. ఎంత మురిసిపోయాడో! సన్మానం కూడా పెట్టిస్తున్నానన్నాడు. దానికీ ఏడుపేనా?"

అక్షయ "అత్తయ్యా, ఎందుకు పంపారు..." అని ఏదో అనబోయింది. ఇంతలో కాలింగ్ బెల్ మోగింది. "వచ్చేశారు! ఆంటీ, ప్లీజ్, తరువాత మాట్లాడుకుందాం" అంటూ తలుపు వైపు పరిగెత్తింది.

మాణిక్యం స్టాండు మీది చీరలన్నీ ఒక్కొక్కటే తీసి భుజాన వేసుకుంది.

"అదీ. వెళ్ళి త్వరగా ఇస్త్రీ చేసుకురా" అంది బాలత్రిపురసుందరి, చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ.

మాణిక్యం వంటింట్లోకి వెళ్ళింది. వాషింగ్ మెషీను పక్కన, విడిగా పెట్టిన బకెట్లో, బాలత్రిపురసుందరి కొత్త మంగళగిరి చీర ఉంది. కుంకుమంత ఎరుపు. మొదటి ఉతుకు. దేనితోనూ కలపొద్దు, ఉప్పునీళ్ళలో నానబెట్టి చేత్తో జాడించు, రంగు దిగుతుంది అని పొద్దున ఆవిడే చెప్పి పెట్టింది. మాణిక్యం ఉప్పు డబ్బా వైపు చూడలేదు. ఎర్ర చీర తీసి మెషీనులో వేసింది. దాని మీద బూడిద చీర వేసింది. మీగడది వేసింది. గోధుమది, తెల్లనివి అన్నీ కుక్కింది. తలుపు మూసి, మీటను బాగా వేడి నీళ్ళ దగ్గరకు తిప్పి నొక్కింది.

హాల్లో నవ్వులు, పలకరింపులు. కంపెనీ తరఫున వచ్చిన కాత్యాయని, ఆమెతో కెమెరా పట్టుకున్న షాహబాజ్. బాలత్రిపురసుందరి కాఫీ కలపమని కేకేసింది. మాణిక్యం కాఫీ కలిపింది. పంచదార సరిపోయిందా అని కూడా అడిగింది. అందరూ తాగారు. కాత్యాయని గోడ మీది బొమ్మలు చూసి మెచ్చుకుంది. అక్షయ మటుకు కప్పు ముట్టుకోలేదు. మాణిక్యం వైపు చూసి, చూపు దించుకుంది.

"చీరలు ఎక్కడ?" అని కాత్యాయని అడిగింది.

"ఇస్త్రీ అవుతున్నాయి" అంది బాలత్రిపురసుందరి.

"లేదండి. ఉతుకుతున్నాను" అంది మాణిక్యం.

ఆ మాట అర్థం కావడానికి బాలత్రిపురసుందరికి కొంచెం సేపు పట్టింది. తరువాత కుర్చీలోంచి లేచిన వేగానికి కప్పు దొర్లిపోయింది. వంటింట్లో మెషీను గుండ్రటి అద్దం వెనక ఎర్రటి నీళ్ళు గిరగిరా తిరుగుతున్నాయి. తెల్ల చీర కొంగు ఒకటి అద్దానికి అతుక్కుంది, మళ్ళీ లోపలికి పోయింది. అది ఇప్పుడు తెల్లగా లేదు.

"నా మంగళగిరి! ఓసి నీ... ఆపు! ఆపవే!"

"మధ్యలో తెరుచుకోదండి. అయ్యాక తెరుచుకుంటుంది."

"కావాలని చేశావు!"

"ఆయ్. కావాలనే చేశానండి."

బాలత్రిపురసుందరి తలుపు పట్టి లాగింది, బొత్తాములన్నీ నొక్కింది. మెషీను కీచుమని మరోసారి తిరిగి, నీళ్ళు వదిలేసి, ఆయాసపడుతూ ఆగింది, తలుపు తెరుచుకుంది. లోపల నుంచి తెల్లవీ బూడిదవీ అన్నీ ఒకటే గులాబీ రంగులో, అక్కడక్కడ చిక్కగా, అక్కడక్కడ మరకలుగా, ముద్దగా బయటకు వచ్చాయి. మాణిక్యం వాటిని రెండు చేతులా ఎత్తుకుంది. నీళ్ళు ఆమె కట్టుకున్న చీర మీదుగా కారాయి. ఆ ఇంట్లో అడుగుపెట్టాక మొదటిసారి ఆమెకు ఊపిరి తేలిగ్గా ఆడింది.

కాత్యాయని గుమ్మంలో నిలబడి చూసింది. ఆమె కళ్ళు పెద్దవయ్యాయి.

"అక్షయా, ఇదేం రంగు! ఈ సీజనంతా ఇదే నడుస్తోంది. మచ్చలు మచ్చలుగా భలే వచ్చింది. చేత్తో అద్దినట్టే ఉంది. షాహబాజ్, ఇవే తీద్దాం. ఇలాగే, తడిగానే. అమ్మా, మీరలాగే పట్టుకోండి, కదలకండి."

షాహబాజ్ కెమెరా ఎత్తాడు.

మాణిక్యం ఆ నల్లటి కెమెరా కంటిలోకి చూసింది. ఇంతకుముందు వచ్చిన కోపం ఒకరి మీద. ఇప్పుడు వచ్చిన కోపానికి మనిషి లేడు. మొగుడు పోయి తెల్లచీర కడితే బాగుందన్నారు, ఉన్నదాంతో సర్దుకుంటే బాగుందన్నారు, చివరికి తిరగబడినా బాగుందంటున్నారు. తన దగ్గర వీళ్ళు పట్టుకెళ్ళలేనిదంటూ ఏదైనా ఉందా?

"దించు బాబూ" అంది. అతనికి తెలుగు రాదు. "నీచే కరో. ఖలాస్."

అతను దించాడు.

ఆమె తడి చీరలతోనే హాలు దాటింది. చెప్పులు వేసుకోలేదు. సంచి తీసుకోలేదు. అక్షయ అడ్డు వచ్చి, "ఆంటీ, తీసేస్తున్నా, ఇదిగో చూడు, ఇప్పుడే తీసేస్తున్నా" అంటూ ఫోను మీద వేళ్ళు ఆడించింది. కన్నీళ్ళతో ఆమెకు తెర కనపడటం లేదు. "అక్షయా, కాంట్రాక్టు!" అని వెనక నుంచి కాత్యాయని కేక. అక్షయ వేలు గాల్లోనే ఆగిపోయింది.

మాణిక్యం ఆ ఆగిన వేలు చూసింది. పక్కకు తప్పుకుని తలుపు తీసింది.

"గడప దాటావంటే పారిపోయిందని కంప్లైంట్ పెట్టిస్తాను!" అని బాలత్రిపురసుందరి అరిచింది. అప్పటికే ఫోను చెవిదగ్గర పెట్టుకుంది. "నీ వీసాకి పూచీ పడ్డ కఫీల్ నా కొడుకు. వాడొక్క మాట చెబితే నీకు ఊరూ ఉండదు, దుబాయూ ఉండదు. వినపడుతోందా? శశాంక్, ఎక్కడున్నావురా? కిందనే ఉన్నావా? పైకి రా!"

మాణిక్యం గడప దాటింది. నడవాలో టైల్స్ అరికాళ్ళకు చల్లగా తగిలాయి. వెనక నీళ్ళ చారలు పడ్డాయి, లేత ఎరుపు చారలు. లిఫ్టు దానంతటదే పైకి వస్తోంది. ఆగింది. తలుపు తెరుచుకుంది.

లోపల శశాంక్ ఉన్నాడు. మెడలో ఆఫీసు కార్డు, చెవిదగ్గర ఫోను. ఆ ఫోనులోంచి వాళ్ళమ్మ గొంతు నడవాలోకి కూడా వినపడుతోంది.

అతను మాణిక్యాన్ని చూశాడు. ఆమె చేతుల్లోని ముద్దను చూశాడు. ఆమె కాళ్ళ వైపు చూశాడు.

"లోపలికి నడు మాణిక్యం" అన్నాడు. "బయటకెళ్తే నేను కూడా ఏమీ చెయ్యలేను."

"మీ అమ్మగారి గాజులు ఎవరూ తియ్యకుండా అడ్డం నుంచున్నారు బాబుగారూ మీరు. నాకు తెలుసు. నేను చూశాను" అంది ఆమె. "ఇప్పుడు ఎవరికి అడ్డం నుంచున్నారో చూసుకోండి. తప్పుకోండి."

ఫోనులో వాళ్ళమ్మ, "కంప్లైంట్ పెట్టావా లేదా?" అని అడుగుతోంది. లిఫ్టు తలుపు మూసుకోబోయింది, అతను అడ్డంగా చాపిన చెయ్యి తగిలి మళ్ళీ తెరుచుకుంది. రెండోసారి మూసుకోబోయింది.

అతను చెయ్యి తీయలేదు. ఆమె వెనకడుగు వేయలేదు.